ఆరని మట్టి

పోయిన నెలలో ఒక పెళ్ళికని మా పాత ఊరికి వెళ్ళాను. తిరుపతి బస్సు దిగి ఆటో ఎక్కితే, సంత వీధి మొదట్లోనే అది ఆగిపోయింది. ఎదురుగా ఒక జేసీబీ దారికి అడ్డంగా నిలబడి, ట్రాక్టరులోని మట్టిని ఎత్తి భారతం మిట్ట మీద కుమ్మరిస్తోంది.

"దుర్యోధనుడమ్మా. ఇంగ రెండు దినాల్లో వధ. ఇప్పుడంతా మిషన్లతో బిన్నే అయిపోతాది, సాయంత్రానికి మనిషి లేసేస్తాడు" అన్నాడు ఆటో అబ్బాయి నవ్వుతూ.

పచ్చి మట్టి వాసన గుప్పున వచ్చింది. చెడ్డ వాసనేమీ కాదు, తొలకరికి నేల విడిచే వాసనే. కానీ నడి వేసవిలో, ఆకాశంలో మబ్బు తునక లేని పూట ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పెళ్ళిలో ఏం తిన్నానో, ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు. మనసంతా మా అవ్వ చుట్టూనే తిరిగింది.

మాది బెల్లం ఊరు. ఎప్పుడో రాజులు కొండ కింద కోట కట్టుకున్నప్పుడు, ఆ కోటలోని జనానికి ఉప్పూ పప్పూ అమ్మడానికి మొదలైన సంత అని పెద్దలు చెప్పేవారు. కోట కూలిపోయింది గానీ సంత నిలిచింది. వీధి పొడుగునా మండీలే. చింతపండు మండీ దగ్గర నోరు ఊరేది, మిరపకాయల అంగడి దగ్గర తుమ్ములు వచ్చేవి, మామిడికాయల మండీ దగ్గర మాగుతున్న పండ్లూ వరిగడ్డీ కలిసిన వేడి వాసన. కళ్ళు మూసుకుని నడిచినా ఎక్కడున్నామో తెలిసిపోయేది. మా నాయనకు బెల్లం మండీ. ఎండాకాలం సెలవులంతా నేనూ పక్కింటి స్నేహితురాలూ అక్కడే ఉండేవాళ్ళం. గోతం పట్టా కింద చేయి దూర్చి బెల్లం పెళ్ళ విరుచుకుని జేబులో వేసుకుంటే, చీమలు మా గౌన్లు వెతుక్కుంటూ ఇంటిదాకా వచ్చేవి.

వేసవి అంటే మాకు భారతం. ధర్మరాజుల గుడి ముందరి మిట్ట మీద పద్దెనిమిది రోజుల పండగ అది. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. దానితో పాటే రంగులరాట్నం, గాజుల అంగళ్ళు, నాలుక ఎర్రబడే ఐసుఫ్రూటు, పొట్లంలో మసాలా బొరుగులు దిగేవి. ఒక రోజు తపస్సు మాను నాటేవారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆ పొడుగాటి మాను చివరిదాకా ఎక్కి, పైనుంచి నిమ్మకాయలూ పూలూ విసిరేవాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో మాను కింద సాష్టాంగపడి ఉండేవారు. పక్కకు దొర్లిపోయిన నిమ్మకాయలను మేము ఏరుకుని ఉప్పు అద్దుకుని చప్పరించేవాళ్ళం. "కడుపు పండాలని మొక్కుకున్నోళ్ళ సొత్తు తింటారామే మీరు!" అని ఆడవాళ్ళు తరిమేవారు.

కానీ అందరూ ఎదురుచూసేది చివరి రోజుల్లో పోసే దుర్యోధనుడి కోసం. తాటిచెట్టంత మనిషి, మిట్ట మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. అతన్ని మట్టితో పోసే ముసలాయనను మేము మట్టి తాత అని పిలిచేవాళ్ళం. ముందు కాళ్ళు, తర్వాత నడుము, రొమ్ము, చేతులు, ఆఖరున తల. తొడలో కుంకుమ నీళ్ళ కుండ దాచేవాడు, భీముడు గద ఎత్తి కొడితే రక్తంలా చిమ్మడానికి. కళ్ళు మాత్రం వధ జరిగే పొద్దున్నే దిద్దేవాడు. అందాకా ఆ మొహంలో రెండు గుంటలే ఉండేవి. మా ఇండ్లలో పెద్దవాళ్ళు, "మిట్టమధ్యాన్నం ఆ పక్కకు పోవద్దు. కండ్లు లేనోడికి ఎవురు వచ్చినారో తెలీదు, అందర్నీ పిలుస్తాడు" అని భయపెట్టేవారు.

ఆ యేడు వరసగా వానలు లేవు. బావులు అడుగంటాయి. ఊరి బయట ఇటుకల గుంట అని ఒకటి ఉండేది. పాతకాలంలో ఇటుకల కోసం తవ్విన పెద్ద గుంట. అది ఎండిపోవడం ఎవరూ చూడలేదు. ఆ యేడు ఎండింది. అడుగున నల్లటి బంకమట్టి బయటపడింది. బొమ్మకు ఇంతకంటే మంచి మట్టి దొరకదని ఊరి పెద్దలు అక్కడికే బండ్లు తోలించారు.

ఆ బండ్లు మా వీధిలోనే వచ్చాయి. అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. మా అవ్వ అంటే నాయనకు తల్లి. గట్టిగా మాట్లాడని మనిషి. తాత పోయాక ఇంకా తక్కువ మాట్లాడేది. మట్టి వాసనకు తల ఎత్తింది.

"యాడిది అబ్బా మట్టి?"

"ఇటికెల గుంటది అవ్వా. వెన్న మాదిరి ఉండాది" అన్నాడు బండివాడు.

అవ్వ చేతిలోని కొట్టుడుకర్ర కింద పెట్టింది. ఆ చింతపండు కుప్పను మళ్ళీ ముట్టుకోలేదు. మా అమ్మే పూర్తి చేసింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలై అందరూ నడుం వాల్చగానే అవ్వ బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక చేతిలో విసనకర్ర, ఇంకో చేతిలో మజ్జిగ చెంబు. రెండో రోజు నేను చెప్పులు లేకుండా ఆమె వెనకే వెళ్ళాను. వీధి మొత్తం నిద్రలో ఉంది. మండీల తలుపులు దగ్గరికి వేసి ఉన్నాయి. రంగులరాట్నం గుర్రాలు గోతాలు కప్పుకుని కదలకుండా ఉన్నాయి. ఎక్కడా కాకి అరుపు కూడా లేదు. కాళ్ళు కాలుతుంటే నీడలు వెతుక్కుంటూ మిట్ట ఎక్కాను.

బొమ్మ మెడదాకా వచ్చింది. తల ఇంకా లేదు. అవ్వ రొమ్ము పక్కన కూర్చుని, కొంగు నెత్తిన వేసుకుని, ఆ మట్టికి విసనకర్రతో విసురుతోంది. నిద్రపోతున్న పిల్లవాడికి విసిరినట్టు మెల్లగా, ఆగకుండా.

"అవ్వా! ఈడేం చేస్తుండావు?"

"గట్టిగా అరవద్దు పాపా. మీ పెద్దనాయన పండుకోనుండాడు."

చుట్టూ చూశాను. మిట్ట మీద మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

"ఎవురవ్వా?"

అవ్వ విసనకర్రతో మట్టిని చూపించింది. "ఈడ చేయి పెట్టి సూడు."

బొమ్మ ఒళ్ళంతా అప్పటికే ఆరి తెల్లబడి, సన్నటి బీటలు విచ్చింది. రొమ్ము మీద ఎడమ పక్కన మాత్రం ఒక జానెడు మేర నల్లగా, తడిగా మెరుస్తోంది. చేయి పెట్టాను. చుట్టూ పెనంలా కాలుతున్న మట్టి మధ్యలో ఆ చోటు బావిలో నీళ్ళలా చల్లగా ఉంది.

"నాయనకు అన్నల్లేరు కదవ్వా" అన్నాను.

"ఎవురు చెప్పినారు లేరని?" అంది అవ్వ, విసరడం ఆపకుండా.

నేను పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి అమ్మను లేపాను. అమ్మ విని, లేచి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకు దిగదుడిచి పొయ్యిలో వేసింది. అవ్వ ఇంటికి వచ్చాక ఆమెకూ తీసింది. ఆ రోజు పొయ్యిలో మిరపకాయలకు ఘాటు రాలేదని అమ్మ చాలా కాలం చెప్పుకునేది.

ఆ సాయంత్రం మట్టి తాత మండీకి వచ్చాడు. పండగ పెద్దల్లో మా నాయన ఒకడు.

"నాకేమీ అర్థం కాలేదు సామీ. రొమ్ము మీద జానెడు తావ ఆరడం లేదు. తవ్వి తీసి ఎండు మట్టి పెట్టినాను, పొట్టు కలిపినాను, ఇసక పోసినాను. తెల్లారేసరికి మళ్ళా తడి. ఎల్లుండి వేషగాళ్ళు పైకెక్కి ఎగిరితే ఆడ కుంగిపోతాది."

"ఎవురన్నా నీళ్ళు పోస్తుండారేమో" అన్నాడు నాయన.

మట్టి తాత నేల చూపులు చూశాడు. "మద్దేన్నం మీయమ్మ వచ్చి కూసుంటుందప్పా. మజ్జిగ చెంబు తెస్తుంది."

మరుసటి రోజు నాయన అవ్వను బయటికి పోనివ్వలేదు. అవ్వ పోతాననీ అనలేదు. గడప దగ్గర కూర్చుని మిట్ట వైపు చూస్తూ ఉండిపోయింది. పొద్దుగూకే వేళకు కబురు వచ్చింది. మిట్ట మీదికి ఎవరూ రాలేదట. తడి మాత్రం అలాగే ఉందట. పైగా వీధి కుక్కలు రెండు ఆ చోటు వైపు మూతి పెట్టి మూలుగుతున్నాయట.

కబురుతో పాటు ఊరి పెద్ద ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, నాయనతో చెప్పాడు.

"సూడప్పా, చంపాల్సిన బొమ్మ అది. దాని కాడ ముందే కూసోని విసరడం, జోల పాడడం ఊరికి మంచిది కాదు. వధ దినం మీయమ్మను ఇంట్లోనే పెట్టుకో. తలుపేసుకున్నా తప్పు లేదు."

ఆయన వెళ్ళాక నాయన లోపలికి వచ్చి, పెరట్లో అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. సంజె వెలుగు ఇంకా ఉంది. అమ్మ రోటి దగ్గర ఊరిబిండి పచ్చడి నూరడం ఆపేసింది. నేను అమ్మ పక్కన నిలబడ్డాను.

"అమ్మా, ఎవురు వాడు?"

అవ్వ ఎవరి సంగతో చెబుతున్నట్టు, ఎక్కడా గొంతు తడబడకుండా చెప్పింది.

నాయన కంటే ముందు ఒక కొడుకు. బడికి పోయే వయసు. నాయన అప్పటికి అవ్వ కడుపులో ఉన్నాడు. వానలు బాగా పడిన కాలం. తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ ఇటుకల గుంట వైపు వెళ్ళాడు. దూడ ఇంటికి వచ్చింది. పిల్లవాడు రాలేదు. గట్టు మీద చొక్కా దొరికింది. వలలు వేశారు, గేలాలు వేశారు, ఈతగాళ్ళు దిగారు. గుంట అడుగున ఊబి. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోలేదు అన్నాడు తాత. ఎవరో తీసుకుపోయారు, పెద్దవాడై తిరిగి వస్తాడు అన్నాడు. కర్మ చేయనివ్వలేదు. ఇంట్లో ఆ పేరు ఎత్తి ఏడవకూడదని ఒట్టు పెట్టాడు. చివరిదాకా ఆయన ఆ ఒట్టు మీదే ఉన్నాడు.

"బడిలో ఒకసారి ఎవుడో అన్నాడు, మీయన్న గుంటలో ఉండాడు అని" అన్నాడు నాయన నెమ్మదిగా. "ఇంటికొచ్చి అడిగితే నాయన చెంప మీద కొట్టినాడు. మళ్ళా అడగలేదు."

నాయన ఒక్కడే కొడుకైనా అవ్వ ఆయనను ఎప్పుడూ చిన్నోడా అనే పిలిచేది. అది ముద్దు పేరు అనుకున్నామే గానీ, పెద్దోడు ఎవరని మాకు ఏనాడూ తోచలేదు.

"నాకన్నా చెప్పి ఉండచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాను. మీ నాయనకు మాట ఇచ్చింటిని."

"ఇప్పుడేం చేద్దామంటావు? ఆ మట్టి తీసేయమని చెప్పేదా?"

"వద్దు. ఊరి పండగ ఆపేదానికి నేనెవుర్ని?" అంది అవ్వ. "వాన్ని కొట్టేటప్పుడు నేను పక్కన ఉండాల. అంతే. వాడు పోయేటప్పుడు పక్కన లేను."

వధ రోజు పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. పల్లెల నుంచి వచ్చిన జనంతో సంత వీధి నిండిపోయింది. అమ్మ తెల్లవారకముందే లేచి, అవ్వ పడుకునే గదికి బయటి నుంచి గొళ్ళెం పెట్టింది. భయంతో పెట్టింది, కోపంతో కాదు. లోపలి నుంచి తలుపు తట్టిన చప్పుడు రాలేదు. నాయన స్నానం చేసి, ఉతికిన పంచ కట్టుకుని వచ్చి గొళ్ళెం తీశాడు. లోపల అవ్వ కొప్పు ముడుచుకుని, తెల్లచీర కట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉంది.

"పదమ్మా" అన్నాడు.

అమ్మ అవ్వ మొహం చూసి, నా చేయి పట్టుకుని తనూ బయలుదేరింది.

మిట్ట మీద జనం అవ్వకు దారి ఇచ్చారు. ముందురోజు వచ్చిన ఊరి పెద్ద మొహం పక్కకు తిప్పుకున్నాడు. దుర్యోధనుడికి కళ్ళు వచ్చాయి. సున్నం పూసిన కుండ పెంకుల మధ్య బొగ్గుతో దిద్దిన నల్ల గుడ్లు. పసుపు పూసిన మొహం, చేటలంత మీసాలు. ఆ కళ్ళు నేరుగా ఎండలోకి రెప్ప వేయకుండా చూస్తున్నాయి. వేడి గాలి అలలు అలలుగా లేస్తుంటే రొమ్ము పైకీ కిందికీ ఆడుతున్నట్టు కనిపించింది. రొమ్ము మీద ఆ నల్లటి తడి దూరం నుంచే తెలుస్తోంది. అక్కడ పసుపు నిలవలేదు.

భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ గదలతో బొమ్మ చుట్టూ పరుగెత్తారు. పైకి ఎక్కి, దిగి, తిట్టుకుని, పద్యాలు పాడుకున్నారు. దుర్యోధనుడి వేషగాడు ఆ తడి చోటు మీద అడుగు పెట్టకుండా దాటుతూ ఎగరడం నేను చూశాను. డప్పులు హోరెత్తాయి. భీముడు గద ఎత్తి తొడ మీద కొట్టాడు. కుంకుమ నీళ్ళు ఎగజిమ్మాయి. జనం గోవిందలు పెట్టారు. ద్రౌపది వేషగాడు ఆ ఎరుపు జుట్టుకు రాసుకుని కొప్పు ముడిచాడు.

తర్వాత గాంధారి రావాలి. కళ్ళకు గుడ్డ కట్టుకున్న వేషగాడు ఏడుపు పద్యం అందుకుంటూ వచ్చాడు. అప్పటికే బొమ్మ తల దగ్గర అవ్వ కూర్చుని ఉంది.

అతను తడుముకుంటూ వచ్చి ఆమెకు తగిలి ఆగాడు. గుడ్డ పైకి ఎత్తి చూశాడు. హార్మోనియం ఒక్క క్షణం ఒంటరిగా మోగి ఆగిపోయింది. అప్పుడు అవ్వ ఒక పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ ఇంట్లో అన్నేళ్ళు ఎవరూ పలకని పేరు.

"దూడను తోలుకోని రాపోరా అని నేనే అంటినే... సంగటి ముద్ద చేసి పెట్టింటినే... చల్లారిపోతా ఉండాదిరా అని వాకిట్లో నిలబడి పిలిస్తినే... ఇన్నాళ్ళు ఆ నీళ్ళలో ఎట్ల పండుకోనుంటివి నాయనా, నీకు చలి పుట్టలేదా..."

మా అవ్వ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. మిట్ట చివర బొరుగులు వేయించేవాడు కూడా గరిటె ఆపాడు. తపస్సు మాను కింద పడుకున్న ఆడవాళ్ళే ఇప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. గాంధారి వేషగాడు తన కళ్ళగుడ్డ విప్పేసి, అవ్వ వెనక నేల మీద చతికిలబడి కూర్చున్నాడు. ఎవరూ ఆమెను లేపలేదు. నడినెత్తిన ఎండ. అంతమంది జనంలో ఆమె గొంతు ఒక్కటే.

ఏడుపు ఆగిన తర్వాత ఒక చప్పుడైంది. అలసిన మనిషి ఊపిరి వదిలినట్టు, లోతుగా. రొమ్ము మీద తడి చోటు రెండుగా విచ్చి, అందులోంచి దారంలా సన్నగా నీళ్ళు పక్కకు జారాయి. వేషగాళ్ళు ఎగిరిన అదురుకు పగిలిందని తర్వాత అందరూ అన్నారు. అయి ఉండవచ్చు. కానీ వాళ్ళు దిగి చాలాసేపయింది.

వధ అయ్యాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. గాదెలో వేసుకుంటే గింజ పెరుగుతుందని, పొలంలో చల్లితే పురుగు పట్టదని నమ్మకం. ఆ రోజు కాళ్ళూ చేతులూ తలా అన్నీ పోయాయి. రొమ్ము మీద ఆ ముద్దను ఎవరూ ముట్టుకోలేదు. నాయన గంపలోకి దాన్ని తన చేతులతోనే ఎత్తుకుని, కొత్త గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకున్నాడు.

మరుసటి ఉదయం ఏటికి వెళ్ళాం. ఏట్లో నీళ్ళు లేవు. కనిపించినంత మేర ఇసుకే. మంత్రం చెప్పడానికి వచ్చిన అయ్యవారు, ఒళ్ళు దొరకలేదు కదా, దర్భలతో బొమ్మ కడతానంటే అవ్వ వద్దంది. "వాడే వచ్చినాడు సామీ, దర్భలెందుకు?" నాయన ఇసుకలో చెలమ తవ్వాడు. నీళ్ళు ఊరడానికి చాలాసేపు పట్టింది. ఊరిన నీళ్ళలో మట్టిని కొంచెం కొంచెంగా వేసి కరిగించాడు. లోపల ఏమైనా ఉంటుందేమోనని నేనూ అమ్మా వంగి చూస్తూనే ఉన్నాం. ఎముక ముక్క గానీ, గుండీ గానీ, ఏమీ లేదు. ఒట్టి మట్టి, నల్లబడిన నీళ్ళు.

"పిలువురా" అంది అవ్వ.

"ఏమని?"

"నీకు ఏమవుతాడో అట్ల పిలువు."

మా నాయన మండీలో నిలబడి కేకేస్తే సంత అవతలికి వినిపించేది. ఆ రోజు ఆయన గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది. "అన్నా" అన్నాడు. ఒక్కసారే. మేమందరం ఏదో జవాబు వస్తుందన్నట్టు నిలబడిపోయాం. గాలి లేదు. చెలమలో నీళ్ళు మెల్లగా ఇసుకలోకి ఇంకిపోయాయి.

"పోయినాడు. పాండి" అంది అవ్వ.

కర్మ చేసి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. అందరం ముందుకే చూస్తూ నడిచాం. గట్టు ఎక్కే చోట నాయన చటుక్కున ఆగాడు. ఎవరో పిలిస్తే పలకబోయినట్టు ఆయన పెదాలు కదిలాయి. తల సగం తిరిగింది. అవ్వ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. "తిరగద్దు. నడువు" అంది. ఆమెకూ ఏదో వినిపించిందని నాకు అప్పుడే అనిపించింది.

నేను పెద్దదాన్నయ్యాక, నాయన మంచాన పడిన రోజుల్లో, ఆ సంగతి అడిగాను.

"ఆ పొద్దు ఏట్లో ఏం వినబడింది నాయనా?"

"ఎండకు చెవులు హోరుమన్నాయి పాపా. అంతే" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

ఆ తర్వాతి యేడు వానలు పడి ఇటుకల గుంట మళ్ళీ నిండింది. భారతానికి మట్టి ఇంకో చోటు నుంచి తెచ్చారు. అది బాగానే ఆరింది. అవ్వ ఇంకొన్నేళ్ళు బతికింది. భారతం మాత్రం మళ్ళీ చూడలేదు. మధ్యాహ్నం పూట అందరిలాగే కొంగు పరుచుకుని నిద్రపోయేది. అన్నేళ్ళూ ఆమె పగలు కన్ను మూయలేదని అమ్మకు అప్పుడు గానీ అర్థం కాలేదు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఇటుకల గుంటను పూడ్చి ఇండ్ల స్థలాలు వేశారు.

మండీకి కొత్త బేరగాళ్ళు వచ్చినప్పుడు, పెళ్ళిళ్ళలో కొత్త చుట్టాలు కలిసినప్పుడు, అన్నదమ్ములెంత మంది అని నాయనను అడిగేవారు. ముందైతే "నేనొక్కణ్ణే" అనేవాడు. ఆ వేసవి తర్వాత "ఇద్దరం" అనడం మొదలుపెట్టాడు. భోజనాల పంక్తిలో పెద్దాయన యాడుంటాడని ఎవరైనా తిరిగి అడిగితే, "ఈ ఊర్లోనే" అని, ఆకులో ఇంకొంచెం అన్నం పెట్టించుకునేవాడు.